సికిల్ సెల్ కార్డుపై ‘ఏఎస్’ అని ఉంటే ఏమిటి అర్థం? రక్తపు చుక్క నుంచి డీఎన్‌ఏ పరీక్ష వరకు

హాస్టల్‌లో చదువుకుంటున్న మీ అమ్మాయికి సికిల్ సెల్ పరీక్ష చేశారనుకుందాం. కొన్నాళ్లకు చేతికొచ్చిన కాగితంలో ‘ఏఎస్’ అని రాసి ఉంది. ‘పిల్లకు రక్తంలో ఏదో జబ్బుందట’ అని పక్కింట్లో మాట మొదలైంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ విషయం బయటికొస్తే ఎలా అని మీకు భయం పట్టుకుంది. కాగితాన్ని బీరువాలో అడుగున పెట్టేయాలా?

వద్దు. ఏఎస్ అంటే ఆ అమ్మాయికి జబ్బు లేదని అర్థం. అయితే ఆ కాగితం దాచేస్తే మాత్రం, ఆమెకు పుట్టబోయే బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదాన్ని ముందుగా తెలుసుకునే అవకాశం పోతుంది. ఈ రెండు మాటలూ ఎలా నిజమో తెలియాలంటే జన్యువుల గురించి కొంచెం, ల్యాబ్‌లో చేసే పరీక్షల గురించి కొంచెం తెలుసుకోవాలి.

ఈ పరీక్షలు ఎందుకు చేస్తున్నారు?

సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. గిరిజనులు ఎక్కువగా ఉన్న 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం దీని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది గడువు. పరీక్ష ఉచితం. ఫలితాన్ని కార్డుగా ఇస్తారు.

ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. గాలి, నీరు, ఎంగిలి, దోమ కాటు ద్వారా రాదు. తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా మాత్రమే వస్తుంది. అందుకే ఇక్కడ మందు, టీకా కంటే ముందు సమాచారం పనిచేస్తుంది.

ఒక్క అక్షరం తేడా

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. క్రోమోజోము అంటే పొడవాటి డీఎన్‌ఏ పోగు. ఆ పోగు మీద ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు వరుసగా ఉంటాయి. ఒక సెట్టులో అవి సుమారు 300 కోట్లు. ఈ మొత్తాన్ని జీనోమ్ అంటారు. అందులో ఒక ప్రొటీన్ తయారీకి సూచనలిచ్చే చిన్న భాగం జన్యువు. మనిషిలో ఇలాంటివి దాదాపు 20 వేలు ఉన్నాయి.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోముపై ఉంది. ఆ జన్యువులో మామూలుగా ‘జీఏజీ’ అని ఉండాల్సిన చోట ‘జీటీజీ’ అని ఉంటే, బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి చేరుతుంది. 300 కోట్ల అక్షరాల్లో మార్పు ఒక్కటే. దానివల్ల తయారయ్యే హిమోగ్లోబిన్‌ను ‘ఎస్’ అంటారు. పెద్దవారిలో మామూలుగా ఉండే రకం ‘ఏ’. (డీఎన్‌ఏలోని ఏ అక్షరానికీ హిమోగ్లోబిన్ ఏ పేరుకూ సంబంధం లేదు.)

ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎస్ రకం హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పుల్లల్లా మారతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. అందుకే రక్తహీనత, కామెర్లు, భరించలేని ఒంటి నొప్పులు వస్తాయి.

ఏఏ, ఏఎస్, ఎస్ఎస్: తేడా ఏమిటి?

ఈ జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. కార్డు మీద రెండు అక్షరాలు ఉండటానికి కారణం అదే.

ఏఏ: రెండు ప్రతులూ మామూలువే. వ్యాధి లేదు, పిల్లలకు ఎస్ జన్యువును ఇచ్చే అవకాశం లేదు.

ఏఎస్: ఒకటి మామూలుది, మరొకటి మారినది. వీరిని క్యారియర్ లేదా వాహకులు అంటారు. ఒక మంచి ప్రతి సరిపడా హిమోగ్లోబిన్ తయారుచేస్తుంది కాబట్టి మామూలుగా చదువుకుంటారు, పనిచేస్తారు, పిల్లల్ని కంటారు. దీనికి మందులు అక్కర్లేదు. నీళ్లు తాగకుండా ఎండలో విపరీతంగా శ్రమ పడటం, చాలా ఎత్తైన ప్రదేశాలకు వెళ్లడం వంటి సందర్భాల్లో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఏఎస్ ఎన్నేళ్లు గడిచినా ఎస్ఎస్‌గా మారదు.

ఎస్ఎస్: రెండు ప్రతులూ మారినవే. ఇదే సికిల్ సెల్ వ్యాధి. జీవితాంతం వైద్యం అవసరం.

ఏజెన్సీ ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ?

ఏఎస్ ఉన్నవారికి మలేరియా తీవ్ర రూపం నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త 1954లో ఆఫ్రికాలో చేసిన పరిశోధనల్లో చూపించారు. మలేరియా ఎక్కువగా ఉన్న చోట తరతరాలుగా ఏఎస్ పిల్లలు ఎక్కువగా బతికి బయటపడ్డారు. అలా ఎస్ జన్యువు ఆ సమాజాల్లో నిలిచిపోయింది. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి ప్రాంత గిరిజనుల్లో మొదట గుర్తించారు. ఇది ఎవరి తప్పూ కాదు, శాపమూ కాదు. ఒకప్పుడు ప్రాణం కాపాడిన మార్పే ఇది. గిరిజనేతరుల్లోనూ కనిపిస్తుంది.

పెళ్లి లెక్క

ప్రతి బిడ్డకు తల్లి తన రెండు ప్రతుల్లో ఒకటి ఇస్తుంది, తండ్రి ఒకటి ఇస్తాడు. ఏది వెళ్తుందన్నది బొమ్మా బొరుసూ లాంటిది.

భార్యాభర్తల్లో ఒకరు ఏఎస్, మరొకరు ఏఏ అయితే: ప్రతి బిడ్డకూ ఏఎస్ అయ్యే అవకాశం 50 శాతం. ఎస్ఎస్ వచ్చే అవకాశం లేదు.

ఇద్దరూ ఏఎస్ అయితే: ఎస్ఎస్ అయ్యే అవకాశం 25 శాతం, ఏఎస్ 50 శాతం, ఏఏ 25 శాతం.

ఒకరు ఎస్ఎస్, మరొకరు ఏఎస్ అయితే: సగం ఎస్ఎస్, సగం ఏఎస్.

ఒకరు ఎస్ఎస్, మరొకరు ఏఏ అయితే: పిల్లలందరూ ఏఎస్. ఎవరికీ సికిల్ సెల్ వ్యాధి రాదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 25 శాతం అంటే నలుగురు పిల్లల్లో ఒకరికి వచ్చేస్తే మిగతా ముగ్గురూ క్షేమం అని కాదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. మొదటి బిడ్డకు వ్యాధి ఉన్నా, రెండో బిడ్డకూ అదే 25 శాతం ప్రమాదం ఉంటుంది.

మేనరికాల్లో ఈ ప్రమాదం ఎలా పెరుగుతుందో చూడండి. అమ్మమ్మ ఏఎస్, ఇంటికి వచ్చిన అల్లుడితో సహా మిగతావారంతా ఏఏ అనుకుందాం. ఆమె కొడుకు, అంటే మేనమామ, ఏఎస్ అయ్యే అవకాశం రెండింట ఒకటి. ఆమె మనవరాలు ఏఎస్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఆ మేనమామకే మనవరాలిని ఇస్తే, ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఒకే మూలం నుంచి అదే జన్యువు రెండు దారుల్లో వచ్చి బిడ్డలో కలుస్తుంది. మేనరికం కాకపోయినా, క్యారియర్లు ఎక్కువగా ఉన్న సమాజంలోనే సంబంధం కుదిరితే కూడా ఈ పరిస్థితి రావచ్చు. కాబట్టి పరీక్ష అందరికీ అవసరమే.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

అన్ని పరీక్షలూ ఒకే ప్రశ్నకు జవాబివ్వవు. మీ చేతిలో ఉన్న రిపోర్టు ఏ పరీక్షదో ముందు చూసుకోండి.

1. సాల్యుబిలిటీ పరీక్ష: ఊళ్లో, బడిలో మొదట చేసేది సాధారణంగా ఇదే. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను ఒక రసాయన ద్రావణంలో కలుపుతారు. ఆ ద్రావణం కణాలను పగలగొట్టి, ఆక్సిజన్‌ను తీసేస్తుంది. ఎస్ రకం ఉంటే అది కరగక, ద్రావణం మజ్జిగ నీళ్లలా మసకబారుతుంది. గొట్టం వెనక పెట్టిన గీతలు కనిపించకపోతే పాజిటివ్. చౌక, నిమిషాల్లో తేలిపోతుంది. కానీ ఎస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఏఎస్‌కూ ఎస్ఎస్‌కూ తేడా చెప్పలేదు. ఆరు నెలలలోపు పిల్లల్లో, రక్తహీనత తీవ్రంగా ఉన్నవారిలో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారిలో ఎస్ ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

2. స్ట్రిప్ పరీక్ష: కొవిడ్ సమయంలో చూసిన కిట్ లాంటిదే. ఏ, ఎస్ రకాలను విడివిడిగా గుర్తించే యాంటీబాడీలు దానిపై ఉంటాయి. ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ తేడాను అక్కడికక్కడే చూపగలదు.

3. హెచ్‌పీఎల్‌సీ: నిర్ధారణకు సాధారణంగా వాడేది ఇది. చేతి నరం నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉన్న ట్యూబులో వేసి పంపుతారు. యంత్రంలోని సన్నని గొట్టం గుండా రక్త నమూనాను పంపితే, ఒక్కో రకం హిమోగ్లోబిన్ ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. తెరపై శిఖరాల్లా గ్రాఫ్ పడుతుంది. ఏ రకం ఎంత శాతం ఉందో అంకెల్లో తెలుస్తుంది.

4. ఎలక్ట్రోఫోరెసిస్: విద్యుత్ క్షేత్రంలో ఒక్కో రకం హిమోగ్లోబిన్ ఒక్కో వేగంతో కదులుతుంది. ఈ పద్ధతితోనే లైనస్ పాలింగ్ బృందం 1949లో సికిల్ సెల్ వ్యాధికి మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని నిరూపించింది. కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. అయితే హిమోగ్లోబిన్ ‘డి’ వంటి కొన్ని రకాలు మామూలు పద్ధతిలో ఎస్ ఉన్న చోటికే వచ్చి ఆగుతాయి. అందుకే రెండో పరీక్షతో సరిచూస్తారు.

పై నాలుగూ ప్రొటీన్‌ను చూస్తాయి. జన్యువును నేరుగా చూసేది డీఎన్‌ఏ పరీక్ష.

డీఎన్‌ఏ పరీక్ష ఎలా చేస్తారు?

డీఎన్‌ఏ పరీక్ష అనగానే తండ్రి ఎవరో తేల్చే కేసులు గుర్తొస్తాయి. ఇది అది కాదు. ఇక్కడ చూసేది ఒక జన్యువులో ఒక అక్షరాన్ని మాత్రమే.

మొదట రక్తంలోని తెల్ల రక్తకణాల నుంచి డీఎన్‌ఏను వేరుచేస్తారు. పరిణతి చెందిన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, కాబట్టి ఇందుకు అవి పనికిరావు. తర్వాత పీసీఆర్ చేస్తారు. కొవిడ్ రోజుల్లో విన్న ఆర్‌టీ-పీసీఆర్‌లోని పీసీఆరే ఇది. నమూనాను సుమారు 95 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోతాయి. చల్లబరిస్తే, మనకు కావాల్సిన భాగం రెండు కొసల దగ్గర ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. ఒక చక్రానికి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 30 చక్రాలు తిరిగితే, లెక్క ప్రకారం ఒక్క ముక్క 100 కోట్లకు పైగా ప్రతులవుతుంది.

ఇప్పుడు అక్షరం చూడాలి. అందుకు కత్తెర లాంటి ఎంజైములున్నాయి. ఒక నిర్దిష్టమైన అక్షరాల వరుస కనిపిస్తేనే అవి కోస్తాయి. మామూలు జన్యువులో ఆ వరుస ఉంది కాబట్టి ముక్క రెండవుతుంది. ఎస్ జన్యువులో ఒక అక్షరం మారింది కాబట్టి కోయదు. ఏఏ వారిలో అన్నీ తెగిన ముక్కలు, ఎస్ఎస్ వారిలో అన్నీ తెగని ముక్కలు, ఏఎస్ వారిలో రెండు రకాలూ కనిపిస్తాయి. మారిన అక్షరం ఉంటేనే అతుక్కునే ప్రైమర్లు వాడటం మరో పద్ధతి. అక్షరాలను వరుసగా చదివేయడాన్ని సీక్వెన్సింగ్ అంటారు.

అందరికీ డీఎన్‌ఏ పరీక్ష అవసరం లేదు. హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు స్పష్టంగా లేనప్పుడు, రక్తం ఎక్కించుకున్నందువల్ల ఫలితం తారుమారయ్యే అవకాశం ఉన్నప్పుడు, గర్భస్థ శిశువు స్థితి తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు చేస్తారు. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. జన్యు వ్యాధుల నిర్ధారణలో సీడీఎఫ్‌డీ అనే కేంద్ర సంస్థ కూడా అక్కడే పనిచేస్తోంది.

రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో హిమోగ్లోబిన్ ఏ, ఎస్, ఎఫ్, ఏ2 అని శాతాలు ఉంటాయి. ఏఎస్ అయితే ఎస్ సాధారణంగా 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది, ఏ అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఎస్ఎస్ అయితే రక్తం ఎక్కించుకోనంత వరకు ఏ కనిపించదు, ఎక్కువ భాగం ఎస్సే ఉంటుంది.

ఏ2 గడిని వదిలేయకండి. అది 4 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటే బీటా తలసేమియా క్యారియర్ కావచ్చు. ఇది ఎందుకు ముఖ్యమంటే, భార్య ఏఎస్, భర్త బీటా తలసేమియా క్యారియర్ అయితే బిడ్డకు సికిల్-బీటా తలసేమియా వచ్చే అవకాశం 25 శాతం. అదీ సికిల్ సెల్ వ్యాధే. భర్తకు సాల్యుబిలిటీ పరీక్ష మాత్రమే చేస్తే ‘నెగెటివ్’ అనే వస్తుంది, ఎందుకంటే ఆయనలో ఎస్ లేదు. ఒకరు ఏఎస్ అని తేలితే రెండోవారికి హెచ్‌పీఎల్‌సీ అడగాల్సిందే అనడానికి కారణం ఇది. ఐరన్ లోపం ఉంటే ఏ2 తక్కువగా కనిపించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

పరీక్షకు ముందు రక్తం ఎక్కించుకుని ఉంటే తప్పకుండా చెప్పాలి. దాత రక్తంలోని హిమోగ్లోబిన్ మీ రిపోర్టులోకి వచ్చేస్తుంది. సాధారణంగా మూడు నెలలు ఆగి చేయించుకోమంటారు.

ఇద్దరూ క్యారియర్లు, ఇప్పటికే గర్భం ఉంటే?

వెంటనే డాక్టరును కలవండి. ఆలస్యం చేస్తే దారులు మూసుకుపోతాయి. సుమారు 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా, లేదా 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి శిశువు డీఎన్‌ఏను పరీక్షించవచ్చు. ఈ పద్ధతుల్లో గర్భస్రావం జరిగే ప్రమాదం స్వల్పంగా ఉంటుంది. డాక్టర్లు దాన్ని వివరించి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. 1994 నాటి గర్భస్థ శిశు పరీక్షల చట్టం హిమోగ్లోబిన్ వ్యాధుల కోసం ఈ పరీక్షలను అనుమతిస్తుంది. నమోదైన కేంద్రంలోనే చేయాలి. ఆడా మగా చెప్పడం నేరం.

ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది దంపతుల నిర్ణయం. కౌన్సెలింగ్ అంటే సమాచారం ఇవ్వడం, ఒత్తిడి చేయడం కాదు.

ఎస్ఎస్ అని తేలితే?

పుట్టిన పిల్లల్లో మొదటి నెలల్లో ‘ఎఫ్’ అనే శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి లక్షణాలు కనిపించవు. ఐదారు నెలల తర్వాత చేతులు, పాదాలు వాచి బిడ్డ గుక్కపట్టి ఏడవటం తొలి సూచన కావచ్చు. త్వరగా గుర్తిస్తే పెన్సిలిన్, టీకాలు, ఫోలిక్ యాసిడ్‌తో పిల్లల్ని కాపాడుకోవచ్చు. హైడ్రాక్సీయూరియా మాత్ర ఎఫ్ శాతాన్ని పెంచి నొప్పుల దాడులను తగ్గిస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో, రక్త పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఎముక మజ్జ మార్పిడితో పూర్తిగా నయమయ్యే వీలుంది, కానీ సరిపోయే దాత దొరకాలి. జన్యువును సవరించే క్యాస్‌జెవీ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. దాని ఖర్చు మాత్రం కోట్లలో ఉంది.

101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి పాలిపోవడం, కడుపు ఎడమవైపు ఉబ్బడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం కనిపిస్తే ఇంట్లో ఆగకండి. ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది వ్యాధి ఉన్నవారికే. ఏఎస్ వారికి వర్తించదు, ఎందుకంటే వారికి జబ్బు లేదు.

జీనోమ్ పరీక్ష చేయించుకుంటే మంచిదా?

వేల రూపాయలు కడితే మీ జీనోమ్ మొత్తం చదివి జాతకం చెబుతామనే ప్రకటనలు కనిపిస్తున్నాయి. జన్యు పరీక్ష ఒక తెలిసిన ప్రశ్నకు జవాబు వెతుకుతుంది. జీనోమ్ పరీక్ష మొత్తం పుస్తకాన్ని చదువుతుంది. అందులో అర్థం తేలని మార్పులు చాలా కనిపిస్తాయి. పరిశోధనలకు, కారణం తెలియని అరుదైన వ్యాధులకు అది ఉపయోగం. సికిల్ సెల్ విషయంలో మనకు ప్రశ్న తెలుసు, జన్యువు తెలుసు, అక్షరం కూడా తెలుసు. దీనికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే పరీక్ష చాలు.

ఇప్పుడు మీరేం చేయాలి?

• రిపోర్టులో ‘పాజిటివ్’ అని మాత్రమే ఉంటే అక్కడితో ఆగకండి. ఏఎన్‌ఎంను లేదా పీహెచ్‌సీ డాక్టరును అడిగి హెచ్‌పీఎల్‌సీ చేయించుకోండి.

• ఇంట్లో ఒకరు ఏఎస్ అని తేలితే తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి.

• సంబంధం మాట్లాడుకునే ముందే ఇరువైపులా కార్డులు చూసుకోండి. అమ్మాయి కార్డు ఒక్కటే అడగడం అన్యాయం, అర్థం లేనిది కూడా. అబ్బాయి ఏఏ అయితే, బీటా తలసేమియా క్యారియర్ కాకపోతే, ఏఎస్ అమ్మాయిని చేసుకోవడానికి అడ్డేమీ లేదు.

• ఇప్పటికే పెళ్లయితే, గర్భం దాల్చకముందే ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. గర్భవతి అయితే మొదటి చెకప్‌లోనే అడగండి.

• కార్డును ఆధార్‌తో పాటు భద్రంగా ఉంచుకోండి. అది మీ ఆరోగ్య సమాచారం. మీ అనుమతి లేకుండా నలుగురిలో చదివి వినిపించే హక్కు ఎవరికీ లేదు.

బీరువా అడుగున పెట్టిన ఆ కాగితం ఇక బయటికి తీయండి. అందులో ఉన్నది మీ అమ్మాయి గురించిన చెడ్డ వార్త కాదు. రేపు ఆమె, ఆమె భర్త కలిసి తీసుకోవాల్సిన ఒక నిర్ణయానికి కావాల్సిన సగం సమాచారం. మిగతా సగం అవతలివాళ్ల కార్డులో ఉంటుంది.